నెట్‌కు పొట్టి అటాకర్: అంచనా వేయడం ఎలా?

పురుషుల వాలీబాల్‌లో నెట్ పై అంచు నేల నుంచి 2.43 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ అంచుకు పైన చెయ్యి ఎంతవరకు వెళ్తుంది, అక్కడికి చేరాక ఏం చేస్తుంది అన్న రెండింటి మీదే అటాకర్ విలువ తేలుతుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీది నార్కట్‌పల్లి లాంటి చోట్ల, ఆ మాటకొస్తే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బడి గ్రౌండు ఉన్న ఏ ఊళ్లోనైనా, ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఐదడుగుల తొమ్మిది, పది అంగుళాల కుర్రాడు గాల్లోకి లేచి స్మాష్ కొడుతుంటాడు. చూసేవాళ్లు ఈలలు వేస్తుంటారు. ఇతను అటాకర్‌గానే పై స్థాయిలో నిలుస్తాడా, లేక ఇప్పుడే బూస్టర్‌గానో (అటాకర్లకు బంతి ఎత్తి ఇచ్చేవాడు), లిబెరోగానో (వెనక వరుసలోనే ఆడేవాడు) మార్చాలా? తొందరపడి మారిస్తే మంచి అటాకర్ చేజారిపోవచ్చు. మార్చకుండా ఉంచేస్తే ఇరవై రెండేళ్లకు ఏ స్థానానికీ పనికిరాకుండా మిగిలిపోవచ్చు.

పై స్థాయి అంటే మన దగ్గర రెండు దారులు. మొదటిది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం: రైల్వే, సర్వీసెస్, పోలీసు, ప్రభుత్వ రంగ సంస్థల జట్లు. తెలుగు వాలీబాల్ ఎక్కువగా ఈ దారినే నడిచింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడి, 2000లో అర్జున అవార్డు అందుకున్న పి.వి. రమణ రైల్వే ఉద్యోగే. ఆయన భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణి, రైల్వే ఉద్యోగిని. వాళ్ల కూతురు పి.వి. సింధు బ్యాడ్మింటన్ కోర్టులో వాడుకున్న పొడవు ఆ ఇంటి ఆస్తి. 1989లో అర్జున అందుకున్న అబ్దుల్ బాసిత్ కూడా హైదరాబాద్ ఆటగాడే. రెండో దారి కొత్తది: లీగ్. 2019లో ప్రో వాలీబాల్ లీగ్ జరిగింది. 2022 ఫిబ్రవరిలో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రైమ్ వాలీబాల్ మొదలైంది, హైదరాబాద్ బ్లాక్ హాక్స్ అందులో ఒక జట్టు. లీగ్‌లో నెట్‌కు అవతల విదేశీ ఆటగాళ్లు కూడా ఉంటారు. అందుకే జిల్లా స్థాయిలో సరిపోయిన ఎత్తు అక్కడ సరిపోతుందా అన్నది వేరే లెక్క.

ముందు ఆ లెక్కే చూడాలి. చాలామందిలో నిలబడి చెయ్యెత్తితే వచ్చే అందుబాటు ఒంటి ఎత్తుకు సుమారు 1.3 రెట్లు ఉంటుంది. 178 సెంటీమీటర్ల (ఐదడుగుల పది) కుర్రాడికి అది 232 దగ్గర వస్తుంది. పరుగెత్తి వచ్చి 85 సెంటీమీటర్లు ఎగిరాడనుకుంటే వేలి కొస 317కు చేరుతుంది. బంతిని కొట్టేది అరచేత్తో కాబట్టి అసలు దెబ్బ పడేది ఇంకో పది సెంటీమీటర్లు కింద. ఇప్పుడు అవతలి బ్లాకర్ 195 సెంటీమీటర్లవాడని అనుకుందాం. చెయ్యెత్తితే 253 దాకా అందుతుంది. బ్లాక్‌కు పరుగు ఉండదు కాబట్టి 60 సెంటీమీటర్లే ఎగిరినా అతని వేళ్లు 313 దగ్గర ఉంటాయి. ఆ కుర్రాడి అరచెయ్యి బంతిని తాకే చోటుకు అవతలి చేతులు కాస్త పైనే ఉన్నాయన్నమాట. 85 సెంటీమీటర్ల ఎగురుడు మామూలు సంగతి కాదు, అయినా బ్లాక్ మీది నుంచి నేరుగా కొట్టడానికి అది చాలలేదు.

ఈ లెక్కలో ఒంటి ఎత్తు ఒక్క అంకె మాత్రమే. అదే 178 ఎత్తున్న ఇద్దరిలో ఒకరి చేతులు పొడవుగా, భుజాలు పైకి ఉంటే అందుబాటు 238 రావచ్చు. మరొకరికి 226 దగ్గరే ఆగవచ్చు. ఆ పన్నెండు సెంటీమీటర్ల తేడా ఏళ్ల తరబడి ఎగురుడు సాధన చేసినా పూడేది కాదు. అయినా సెలక్షన్లలో గోడకు నిలబెట్టి తల మీది గీత చూసి పేరు రాసుకునే అలవాటు ఇప్పటికీ పోలేదు. చూడాల్సింది మూడు అంకెలు: చెయ్యెత్తిన అందుబాటు, పరుగుతో ఎగిరిన అందుబాటు, నిలబడ్డ చోటి నుంచి రెండు చేతులతో ఎగిరిన బ్లాక్ అందుబాటు. కొలవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. బడి గోడ మీద టేపు పట్టి అర సెంటీమీటరు గీతలు గీసి, వేళ్లకు సుద్దపొడి రాసి ఎగరమంటే సరిపోతుంది. మూడుసార్లు ఎగిరిస్తే మొదటి ఎగురుడుకూ మూడో ఎగురుడుకూ తేడా కనిపిస్తుంది. బాగా ఆడించి, నాలుగో సెట్ అయ్యాక అదే గోడ దగ్గరికి మళ్లీ తీసుకొస్తే ఇంకా ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. పొడుగువాడు అలిసిపోయి పది సెంటీమీటర్లు పోగొట్టుకున్నా అతని ఆట నడుస్తుంది. పొట్టివాడికి ఆ పది సెంటీమీటర్లే ఆట.

కొలతకు ముందు నెట్‌ను కూడా కొలవాలి. నియమం ప్రకారం 2.43 ఉండాల్సింది కోర్టు మధ్యలో. రెండు పక్క గీతల మీద ఎత్తు ఒకేలా ఉండాలి, మధ్య ఎత్తు కంటే రెండు సెంటీమీటర్లకు మించి ఎక్కువ ఉండకూడదు. ఊళ్లో రెండు ఇనుప గుంజలకు కట్టిన నెట్ తాడు సాయంత్రానికి సాగుతుంది, మధ్యలో దిగుతుంది. అక్కడ నిలువునా దిగగొట్టిన స్మాష్ బిగించిన నెట్ పై అంచుకు తగిలి ఆగేదే కావచ్చు. సంక్రాంతి టోర్నమెంట్లో చూసిన ఆటను బట్టి ఎవరి గురించైనా మాట ఇచ్చే ముందు మధ్యలో టేపు పెట్టి చూసుకోవడం మేలు. యాంటెన్నాలు లేని నెట్ దగ్గరా ఇదే సమస్య. బయటి నుంచి తిప్పి వేసిన బంతులు ఊళ్లో పాయింట్లవుతాయి, స్టేట్ మీట్‌లో అవుట్ అవుతాయి.

వయసు సంగతి వేరు. పద్నాలుగేళ్లవాడిని పొట్టి అనడం తొందరపాటు. మగపిల్లల్లో ఎదుగుదల ఊపు సగటున పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఉంటుంది, పదిహేడు పద్దెనిమిది నాటికి దాదాపు ఆగుతుంది. ఆడపిల్లల్లో ఇది సుమారు రెండేళ్ల ముందే జరుగుతుంది. మగపిల్లవాడి తుది ఎత్తును ఉజ్జాయింపుగా చెప్పడానికి తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, 13 సెంటీమీటర్లు చేర్చి, రెండుతో భాగించే పద్ధతి పిల్లల వైద్యంలో వాడుకలో ఉంది. తండ్రి 170, తల్లి 157 అయితే 170 వస్తుంది. నిజంగా వచ్చే ఎత్తు దానికి ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. ఇంకా కచ్చితంగా కావాలంటే ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. కాగితం మీది వయసు పదహారు, ఎముకల వయసు పద్నాలుగు అయితే ఆ పిల్లవాడికి ఇంకా ఎదుగుదల మిగిలి ఉంది. దీనికి ఎదురు సందర్భమే ఎక్కువమందిని మోసం చేస్తుంది. పదమూడేళ్లకే మీసం వచ్చి అందరికంటే పొడుగ్గా ఉన్నవాడు స్కూల్ గేమ్స్ (ఎస్‌జీఎఫ్) పోటీల్లో అటాకర్‌గా వెలుగుతాడు. పదిహేడేళ్లకు మిగతావాళ్లు అతన్ని దాటిపోతారు. అప్పటిదాకా పొడుగువాడిగా ఆడడం వల్ల పొట్టివాడు నేర్చుకునే పాస్, కంట్రోల్ అతను నేర్చుకొని ఉండడు.

నల్లగొండ జిల్లాలో దీనికి ఇంకో అంశం తోడవుతుంది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ వల్ల ఈ జిల్లా తరాల తరబడి ఎముకల వ్యాధితో బాధపడింది. ఫ్లోరోసిస్ ఉన్న ఇక్కడి ఊళ్ల యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970ల్లోనే నమోదు చేశారు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టి పెరిగిన పిల్లల పరిస్థితి వేరు. అయినా బోరు నీళ్లు తాగి పెరిగిన కుర్రాడు వేల సార్లు ఎగిరి దిగే ఆటను బతుకుదెరువుగా ఎంచుకునే ముందు మోకాళ్లు, వెన్ను ఒకసారి డాక్టరుకు చూపించుకోవడం అవసరం. ఎగిరేవాడి మోకాలు అసలే బలహీనమైన చోటు. మోకాలి చిప్ప కింది స్నాయువు నొప్పి వాలీబాల్ ఆటగాళ్లలో ఎంత సాధారణమంటే దానికి వైద్యంలో ఎగిరేవాళ్ల మోకాలనే పేరు పడింది. పొట్టి అటాకర్ ప్రతి బంతికీ తన గరిష్ఠ ఎత్తుకు ఎగరాలి. గట్టి మొరం నేల మీద పదేళ్లు ఆడాక పద్దెనిమిదేళ్లకే మోకాలికి బ్యాండు కట్టుకొని వచ్చేవాడి విషయంలో ఎగురుడు అంకె ఎంత బాగున్నా జాగ్రత్త పడాలి.

కొలతలు బాగుంటే ప్రశ్న సగమే తేలినట్టు. మిగతా సగం ఆటలో ఉంది, దాని గురించే మన గ్రౌండ్ల మీద తక్కువ మాట్లాడతారు. పొట్టి అటాకర్ కొట్టగలడా అన్నది అందరూ చూస్తారు. అతని మీది నుంచి అవతలివాళ్లు ఎంత కొడుతున్నారన్నది ఎవరూ లెక్కపెట్టరు.

వాలీబాల్‌లో ఆరు రొటేషన్లు. అటాకర్ మూడింట్లో ముందు వరుసలో ఉంటాడు, ఆ మూడింట్లోనూ బ్లాక్ చేయాలి. ఎడమ పక్క నుంచి, అంటే నాలుగో స్థానం నుంచి, కొట్టే అటాకర్‌కు ఎదురుగా ఉండేది అవతలి జట్టు రెండో స్థానం. అక్కడి నుంచి కొట్టేది సాధారణంగా వాళ్ల యూనివర్సల్, జట్టులో అందరికంటే బలమైన దెబ్బ ఉన్నవాడు. మన జట్టులో పొట్టి చేతులు, అవతలి జట్టులో పొడుగు చేతులు ఎదురెదురుగా పడే చోటు ఇదే. అవతలి తెలివైన బూస్టర్ రెండో రొటేషన్‌లోనే దీన్ని గమనిస్తాడు. పాస్ ఎలా వచ్చినా ఆ పక్కకే బంతి వేస్తాడు. కుర్రాడు తన పక్క పది పాయింట్లు కొట్టి, తన చేతుల మీది నుంచి పన్నెండు ఇస్తే చప్పట్లు అతనికే వస్తాయి, సెట్ మాత్రం అవతలి జట్టుకు పోతుంది. ఇప్పటి ర్యాలీ పాయింట్ పద్ధతిలో ఇది మరీ ప్రమాదం. 1990ల చివర్లో ఆ పద్ధతి రాకముందు సర్వీస్ చేసే జట్టుకే పాయింటు. మన సర్వీసులో ఒక తప్పు జరిగినా సర్వీసు పోయేది తప్ప అంకె మారేది కాదు. ఇప్పుడు ప్రతి బంతికీ పాయింటే. పదిహేను పాయింట్ల సెట్లతో ఆడిన లీగ్‌లో రెండు రొటేషన్లలో బ్లాక్ కుంగితే సెట్ అయిపోయినట్టే.

ఈ నష్టాన్ని తగ్గించే ఏర్పాట్లు లేకపోలేదు. బ్లాక్‌లో చేతులు అవతలికి చాపకుండా కాస్త వెనక్కి వంచి పెడితే బంతి వేగం తగ్గి వెనకున్నవాళ్లకు అందుతుంది. పొట్టి బ్లాకర్‌ను నెట్ నుంచి వెనక్కి లాగి డ్రాప్ బంతులకు కాపలా పెట్టి, మధ్య బ్లాకర్ ఒక్కడినే పంపవచ్చు. రొటేషన్ మొదలుపెట్టేటప్పుడే అవతలి యూనివర్సల్ వెనక వరుసలో ఉండగా మనవాడు ముందుకు వచ్చేలా చూసుకోవచ్చు. అయితే ఇవన్నీ జట్టు చెల్లించే ఖరీదు. ఆ ఖరీదుకు తగినంత అతను ఇంకో చోట తిరిగి ఇస్తున్నాడా అన్నదే అంచనాకు అసలు కొలబద్ద.

తిరిగి ఇచ్చే చోట్లలో మొదటిది పాస్. సర్వీస్ అందుకొని బూస్టర్ తలపైకి బంతి పంపగల అటాకర్ ఉంటే మధ్య నుంచి, వెనక నుంచి అన్ని రకాల దాడులూ తెరుచుకుంటాయి. పొడుగు అటాకర్లలో పాస్ బాగున్నవాళ్లు తక్కువ. అందుకే నమ్మకమైన పాస్ ఉన్న 180 సెంటీమీటర్ల అటాకర్‌కు జట్టులో చోటు దొరుకుతుంది, పాస్ లేని 180కి దొరకదు. గట్టి జంప్ సర్వీస్ మీద ముప్పై బంతులు వరసగా అందుకోమని, వాటిలో ఎన్ని మూడు మీటర్ల గీత లోపల బూస్టర్‌కు అందాయో లెక్కపెడితే, స్మాషులు చూసిన గంట కంటే ఎక్కువ తెలుస్తుంది. రెండోది సర్వీస్. సర్వీసు చేసేటప్పుడు ఎదురుగా ఎవరి చేతులూ లేవు. గీత వెనక నుంచి ఎగిరి కొట్టే బలమైన సర్వీసులో ఎత్తు తక్కువ కావడం పెద్ద అడ్డంకి కాదు.

మూడోది చేతుల తెలివి. బ్లాక్ మీది నుంచి కొట్టలేనివాడు బ్లాక్‌నే వాడుకోవాలి. బయటి చేతి అంచును గురిపెట్టి బంతిని పక్క గీత దాటించడం, బ్లాక్ మూసుకుపోయి ఉంటే మెల్లగా చేతులకు తగిలించి బంతిని తన జట్టుకే వెనక్కి తెప్పించుకొని మళ్లీ ఆడడం, మూడు మీటర్ల గీత లోపల కోణంగా కోసేయడం, డ్రాప్ వేయడం. ఊరి ఆటలో బ్లాక్ బలహీనం కాబట్టి ఎగిరేవాడికి ఇవి అవసరం రావు, అందుకే నేర్చుకోడు. పదిహేడేళ్లకు ప్రతి బంతినీ బలం కొద్దీ కొట్టేవాడి కంటే, అందులో నాలుగింట ఒకటి చూసి పెట్టేవాడే పై స్థాయికి దగ్గర.

కుర్రాడి చేతిలో లేనిది ఒకటుంది: బూస్టర్. ఎత్తుగా వేలాడే బంతి వస్తే ఇద్దరు బ్లాకర్లు చేరుకుంటారు, పొట్టివాడికి దారి ఉండదు. బంతి వేగంగా, తక్కువ ఎత్తులో వస్తే ఒక్క బ్లాకరే, అదీ ఆలస్యంగా వస్తాడు. జపాన్ తన ఆటనంతా ఈ సూత్రం మీదే కట్టింది. కోచ్ మత్సుదైరా తయారుచేసిన పురుషుల జట్టు త్వరిత దాడులు, దొంగ పరుగులతో తమకంటే పొడుగు జట్లను ఓడించి 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. ఈ తరంలో 186 సెంటీమీటర్ల యుజి నిషిదా అదే జపాన్‌కు ఎడమ చేతి యూనివర్సల్‌గా ఆడుతూ ఇటలీ లీగ్ దాకా వెళ్లాడు, జపాన్ 2024 నేషన్స్ లీగ్‌లో రజతం గెలిచింది. ఈ ఉదాహరణను మన కుర్రాళ్ల ముందు పెట్టేటప్పుడు ఒక మాట కలపాలి. ప్రపంచ స్థాయిలో పొట్టివాడనిపించుకునే నిషిదా నార్కట్‌పల్లి కోర్టులో నిలబడితే అందరికంటే పొడుగు కావచ్చు. ఇటలీలో ప్రొఫెషనల్‌గా ఆడి పేరు తెచ్చుకున్న మన జిమ్మీ జార్జ్ ఆరడుగుల రెండంగుళాల మనిషి. పై స్థాయి పొట్టికీ మన పొట్టికీ మధ్య మూడు నాలుగు అంగుళాల తేడా ఉంది.

ఈ ప్రశ్నను ఎక్కువ లోతుగా చర్చించిన ఆట బాస్కెట్‌బాల్. రింగ్ కింద రీబౌండ్ల కోసం పెనుగులాడే పవర్ ఫార్వర్డ్ స్థానానికి ఆరడుగుల తొమ్మిది అంగుళాలు ఉండాలన్నది అమెరికా ఎన్‌బీఏలో చాలాకాలం రాయని నియమం. చార్లెస్ బార్క్లీ రికార్డుల్లో ఆరడుగుల ఆరు, అసలు ఎత్తు అంతకంటే తక్కువేనని అతనే చెప్పాడు. ఆ ఎత్తుతో 1986–87లో లీగ్ మొత్తంలో రీబౌండ్ల సగటులో మొదటి స్థానం అతనిది, 1993లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డూ అతనిదే. అయితే బార్క్లీని కొలమానంగా పెట్టుకుంటే ఎవరినీ అంచనా వేయలేం. అంత బరువుతో అంత చురుకు మళ్లీ ఎక్కడా దొరకదు. డ్రేమండ్ గ్రీన్ ఉదాహరణ ఎక్కువ పనికొస్తుంది. ఆరడుగుల ఆరే కాబట్టి ఏ స్థానానికీ సరిపోడని జట్లు వెనకాడాయి, 2012 డ్రాఫ్ట్‌లో 35వ ఎంపికగా వెళ్లాడు. అతని చాపిన చేతుల పొడవు ఏడడుగుల ఒక అంగుళం. 2017లో అతనికి దక్కింది ఉత్తమ డిఫెండర్ అవార్డు. అంటే తన ఎత్తు వల్ల జట్టు నష్టపోతుందని భయపడ్డ చోటే అతను నిలబడి చూపించాడు. పైగా అతను వచ్చేనాటికి మూడు పాయింట్ల షాట్ పెరిగి, ఆ స్థానంలో ఎత్తు కంటే కదలిక ముఖ్యమైంది. స్థానం పేరు అదే, ఆ స్థానంలో చేయాల్సిన పని మారింది. ఎత్తులు పెంచి రాయడం ఎంత మామూలైందంటే 2019లో ఎన్‌బీఏ బూట్లు లేకుండా కొలిచిన ఎత్తులే ఇవ్వాలని జట్లను అడగాల్సి వచ్చింది. మన సెలక్షన్ ఫారాల మీది అంకెలను కూడా మళ్లీ కొలిచాకే నమ్మాలి.

వాలీబాల్‌లో మార్పు ఇంకో దిక్కున జరిగింది. పురుషుల ముందు వరుస ఇంకా పొడుగైంది, వెనక వరుసలో మాత్రం పొట్టివాడికి చోటు పుట్టింది. 1998లో అంతర్జాతీయ సమాఖ్య తెచ్చిన లిబెరో వేరే రంగు చొక్కా వేసుకొని వెనక వరుసలోనే ఆడతాడు. బ్లాక్ చేయకూడదు, సర్వీస్ చేయకూడదు, నెట్ కంటే పైనున్న బంతిని కొట్టకూడదు. అయితే ఇది అటాకర్‌గా తేలనివాడికి ఇచ్చే ఓదార్పు స్థానం కాదు. మంచి లిబెరోకు చిన్నప్పటి నుంచే పాస్ అలవాటై ఉండాలి. పందొమ్మిదేళ్లకు తొలిసారి అందుకోవడం నేర్చుకునేవాడు ఆ చోటు పట్టలేడు. బూస్టర్‌గా మారడం ఇంకా కష్టం, వేళ్ల పని చేతికి రావడానికే ఏళ్లు పడుతుంది. అయినా అక్కడ పొట్టితనం ఎంతదాకా చెల్లుతుందో 159 సెంటీమీటర్ల జపాన్ బూస్టర్ యోషియె తకెషిత చూపించింది. 2006 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అత్యంత విలువైన క్రీడాకారిణిగా నిలిచింది, 2012 లండన్‌లో ఒలింపిక్ కాంస్యం గెలిచింది.

ఆడపిల్లల విషయంలో నెట్ 2.24 మీటర్లే అయినా లెక్క ఇదే. తేడా ఒక్కటే: వాళ్ల ఆటలో ర్యాలీలు పొడుగు, కాబట్టి డిఫెన్స్, పాస్ విలువ ఇంకా ఎక్కువ. 168 సెంటీమీటర్ల అమ్మాయి అటాకర్‌గా తిరిగి ఇవ్వగలిగింది 178 సెంటీమీటర్ల అబ్బాయి కంటే ఎక్కువే.

ఇవన్నీ కలిపి చూస్తే వయసుల వారీగా నిర్ణయం కాస్త స్పష్టమవుతుంది. పదిహేనేళ్ల వరకు ఎవరినీ ఒక స్థానానికి కట్టేయకూడదు. అటాకర్‌గా ఆడిస్తూనే రోజూ పాస్, వారంలో కొన్ని పూటలు బూస్టింగ్ చేయించాలి. పదహారు, పదిహేడేళ్లలో గోడ మీది మూడు అంకెలు, ఎముకల వయసు, మోకాలు చూడాలి. పరుగుతో ఎగిరిన అందుబాటు 320 దాటి, పాస్ నిలకడగా ఉన్నవాడిని 180 లోపు ఎత్తు అయినా అటాకర్‌గా ఉంచి తనకంటే పొడుగు జట్ల మీద ఆడించాలి. ఆ మ్యాచుల్లో పుస్తకంలో రెండు వరుసలు రాయాలి: అతను సాధించినవి, అతని బ్లాక్ మీది నుంచి పోయినవి. రాష్ట్ర స్థాయిలో ఒక సీజనంతా ఆ రెండు వరుసలు దగ్గరదగ్గరగా నడిస్తే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌కు అటాకర్‌గానే పంపవచ్చు. రెండో వరుస మొదటిదాన్ని మించిపోతూ పాస్ మాత్రం బాగుంటే లిబెరోగా మార్చడానికి పద్దెనిమిదేళ్లు సరైన సమయం. రెండూ లేక ఎగురుడు ఒక్కటే ఉన్నవాడికి పై స్థాయికి వెళ్లడం కష్టమన్న మాట ఇంటర్ రెండో ఏడాదిలోనే, డిగ్రీలో ఏ కాలేజీలో చేరాలో తేల్చుకునే ముందు, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి.